అంగుళంలో వెయ్యోవంతు గారికి

మహారాజశ్రీ 0.001 అంగుళం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీకేం, క్షేమంగానే ఉంటారు. కార్బన్ బాణాల పెట్టె మీద, బ్రాండ్ పేరు పక్కన, ప్లస్ ఆర్ మైనస్ గుర్తును గొడుగులా పట్టించుకుని కూర్చున్నారు. క్షేమం లేనిది నాకే.

విల్లుతో వేటకి షాఫ్టులు, అంటే బాణం కాడలు, కొందామని మూడు నెలలు బ్రాండ్లు పోల్చాను. ఒకరికి ఈస్టన్ మీద గురి, ఒకరికి గోల్డ్ టిప్ మీద, ఇంకొకరికి విక్టరీ మీద. అందరికీ ఏదో ఒక బ్రాండ్ మీద గురి ఉంది. లక్ష్యం మీద గురి సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. అలా తేలక కొట్టుకుంటున్నప్పుడు మీరు కనిపించారు. షాఫ్ట్ ఎంత తిన్నగా ఉందో చెప్పే అంకె అట. 0.006 కంటే 0.003 మేలు, 0.003 కంటే మీరు మేలు. ధర కూడా అదే వరసలో పైకి పోయింది. ఇక టెన్షన్ లేదనుకుని డజను కొనేశాను.

మీ ఇంటి గుట్టు తర్వాత తెలిసింది. చాలాచోట్ల మీరు ముగ్గురూ ఒకే తల్లి బిడ్డలేనట. తయారైన గొట్టాల్ని తిప్పి కొలిచి, బాగా తిన్నగా వచ్చినవాటికి మీ పేరు, మిగిలినవాటికి మీ అన్నల పేర్లు పెడతారట. ఇంతాచేసి మీ ఎత్తెంత? మిల్లీమీటరులో నలభయ్యో వంతు. తలవెంట్రుక కూడా మీకంటే లావు. జింక ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాలు. అది ఎదుట నిలబడ్డప్పుడు నా చెయ్యి వణికే వణుకు ఏ పెట్టె మీదా అచ్చువెయ్యరు.

పైగా ఎంత తిన్నటి బాణమైనా నారి వదిలిన క్షణంలో చేపలా మెలికలు తిరుగుతుంది. ఆ వంగడం ఎంత ఉండాలో చెప్పేది మీరు కాదు, పెట్టె వెనకవైపు చిన్న అక్షరాల్లో పడున్న స్పైన్ గారు. షాఫ్టుని 28 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద పెట్టి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే 0.340 అంగుళం వంగింది అనుకోండి, అది 340. అంకె పెరిగేకొద్దీ షాఫ్ట్ మెత్తన. తలకిందుల లెక్కే గానీ మీలాగా డాబు లేని లెక్క. నాది నారి లాగడానికి 70 పౌండ్ల బలం పట్టే విల్లు, బాణం ముందు 125 గ్రెయిన్ల బరువు ములికి. ఆ బలానికి గట్టి షాఫ్ట్ కావాలి. నేను కొన్నది 400. ఎందుకంటే అది తేలిక, వేగంగా పోతుందన్నారు.

సాధన ములికితో ఏదో నెట్టుకొచ్చాను. వేట ములికి బిగించేసరికి బాణం జానెడు పక్కకి పోయింది. ములికి రెక్కలు గాలిని పట్టుకుని, మెత్తటి షాఫ్ట్ చేసే తప్పు నలుగురిలో చాటాయి. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూశాం గానీ, ఆడకముందే ఖరీదైన మద్దెల కొన్నవాణ్ణి నన్నే చూడాలి.

మాతోపాటు వేటకొచ్చే పెద్దాయన ఒకాయన అంతా చూసి, “ఏం బాబూ, పెట్టె మీద చదివి కొన్నావా, విల్లు మీద చదివి కొన్నావా?” అన్నాడు. విల్లు మీద లాగే బరువు రాసుంటుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన తన పాత షాఫ్టులు ఆరు ఇచ్చాడు. స్పైన్ 340, తిన్నదనం మీ పెద్దన్న 0.006. ఇచ్చేముందు ఒక్కోదాన్నీ రెండు చేతులతో వంచి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కార్బన్ లోపల చిట్లితే కంటికి ఆనకపోవచ్చు, వదిలినప్పుడు పగిలి చేతిలోనే దిగుతుంది. మీరు ఆ సంగతి ఎప్పుడైనా చెప్పారా? ఆ ఆరు బాణాలూ, సాధన ములికైనా వేట ములికైనా, ఒకే చోట కూర్చున్నాయి.

1939లో ఈస్టన్ బ్రాండ్ పెట్టిన డగ్ ఈస్టన్ కర్ర వదిలేసి అల్యూమినియం బాణాలు మొదలుపెట్టింది కూడా, ఏ రెండు కర్ర బాణాలూ ఒకలా ఉండవనే విసుగుతోనే. ఆయనకి కావలసింది ఒకదానిలా ఇంకొకటి ఉండటం. నాకు కావలసిందీ అదే, నేనే వెయ్యో వంతుల్లో వెతికాను.

ఇట్లు,
మీ పూర్వ భక్తుడు

తా.క.: మీ పెట్టె పారెయ్యలేదు. పెద్దాయన షాఫ్టులు అందులోనే పెట్టుకుని సాధనకి వెళుతున్నాను. అందరూ పెట్టె చూసి “అబ్బో, 0.001!” అంటున్నారు. సంగతి మన మధ్యనే ఉంచండి.