టైమర్ ఎన్ని నిమిషాలకు పెట్టాలి?

మ్యాచ్ అయితే మూడు గంటలు కదలకుండా చూస్తాడు, పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోడు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధను, చురుకుదనాన్ని అదుపులో పెట్టుకోలేని స్థితి) ఉన్న పిల్లల గురించి ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. జబ్బు లక్షణం ఆ ఫిర్యాదులోనే ఉంది. శ్రద్ధకు కొదవ లేదు. దాన్ని కోరిన పని మీదికి తిప్పే పగ్గాలే వదులు. పెద్దయ్యాకా చాలామందికి అదే ఇబ్బంది.

మెదడుకు కసరత్తు అంటూ అమ్మే కంప్యూటర్ ఆటల మీద అందుకే పెద్ద ఆశ పెట్టుకోలేం. ఆటలో స్కోరు పెరుగుతుంది, హోంవర్కు దగ్గర మాత్రం పాత కథే. సాధన జరగాల్సింది పని చేసే బల్ల దగ్గర.

అమెరికన్ మనస్తత్వవేత్త స్టీవెన్ సాఫ్రెన్ బృందం పెద్దవాళ్ల కోసం రూపొందించిన సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మానసిక చికిత్స)లో అలాంటి సాధన ఒకటుంది. ముందు కొలత. విసుగు పుట్టించే పని, జీఎస్టీ బిల్లుల ఎంట్రీ అనుకోండి, మొదలుపెట్టి, లేవాలని మొదటిసారి అనిపించేసరికి ఎన్ని నిమిషాలైందో రాసుకోవాలి. నాలుగు రోజుల్లో 11, 8, 12, 10 అని వస్తే మీ గడువు 10, టైమర్ అంతకే పెట్టాలి. పనిని అంతకు సరిపడా ముక్కలు చేయాలి. ‘ఫిజిక్స్ చదవాలి’ అనేది ముక్క కాదు, ‘మూడో లెక్క’ ముక్క.

మధ్యలో గ్యాస్ బుక్ చేయాలని గుర్తొస్తుంది. పక్కనున్న కాగితం మీద రాసేసి పనిలోకి రావాలి. మరిచిపోతామన్న భయమే మనిషిని లేపుతుంది. రాసి ఉంటే ఆ భయం తగ్గుతుంది. టైమర్ మోగాక చీటీ చూస్తే, చాలావాటికి అంత తొందర లేదని తెలుస్తుంది.

ఇది చెడేది ఎక్కువగా ఫోన్‌నే టైమర్‌గా వాడినప్పుడు. వంటింటి టైమర్ చాలు. ఇంకో తప్పు, మూడు రోజులు బాగా సాగగానే పదిని ఇరవై అయిదుకు లాగడం. పొమొడోరో (టైమర్ పెట్టి విడతలుగా పనిచేసే పద్ధతి) వాళ్ల 25 నిమిషాలు మీకు కొలిచి పెట్టినవి కావు! వారం నిలిచాక రెండు నిమిషాలు కలపండి. విరామంలో రీల్స్ వద్దు, లేచి నాలుగడుగులు నడవండి.

2010లో వెలువడిన సాఫ్రెన్ అధ్యయనంలోని 86 మందీ అప్పటికే మందులు వాడుతూ, ఇంకా లక్షణాలు మిగిలినవారు. కనుక మందు మానేసి టైమర్ కొనమని దీనర్థం కాదు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. కష్టమైన ముక్కల్ని ఆ వేళకే పెట్టుకోవాలి. ఆ గంటలు ఫోన్ కబుర్లకు పోతే, అసలు పని మందు ప్రభావం దిగాక మొదలవుతుంది.