రౌండ్ సీల్ ఉంటేనే అనుభవం

నేను ఇరవై రెండేళ్లుగా విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో బీబీఏ, బీకాం పిల్లలకి వ్యాపారం ఎలా చెయ్యాలో చెబుతున్నాను. ఈ ఇరవై రెండేళ్లలో ఒక్క అగ్గిపెట్టె అమ్మిన పాపాన పోలేదు. కాబట్టి ఈ విషయంలో నాకున్నంత నిష్పక్షపాతం ఇంకెవరికీ ఉండదని గుర్తించి మా ప్రిన్సిపాల్ గారు నన్ను ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్ని చేశారు. ఆ మీటింగ్‌కి మిగతా లెక్చరర్లెవరూ రాలేదన్నది వేరే సంగతి.

ఈమధ్య పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఇంటర్న్‌షిప్‌ల మీద విద్యార్థుల అభిప్రాయాలు సేకరించి నివేదిక పంపాలి, గడువు నిన్నటితో ముగిసింది. సేకరించాను. అందులో నివేదికలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

ముందు చరిత్ర, మా నివేదికల్లో మొదటి పేజీ చరిత్రకే రాసిపెట్టి ఉంటుంది. 1906లో అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజినీరింగ్ పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు: కుర్రాళ్లు ఒక వారం క్లాసులో, ఒక వారం ఫ్యాక్టరీలో. కాలేజీ, కంపెనీ కలిసి చదువు చెబుతాయి గనక కోఆపరేటివ్ అన్నారు. 1957లో కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం ఈ పద్ధతి మీదే మొదలైంది, ఒక టర్ము చదువు, ఒక టర్ము ఉద్యోగం. తర్వాత బిజినెస్ చదువుల్లోకీ వచ్చింది. అక్కడ పని చేసిన పిల్లలకి జీతం ఇస్తారు. ఆ జీతం అన్న ముక్క సముద్రం దాటేటప్పుడు ఎక్కడో జారి పడిపోయినట్టుంది, మన రేవులో దిగలేదు.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో సామాజిక సేవ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక ఇంకో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. ష్నైడర్ గారి పిల్లలు ఒక వారం క్లాసులో ఉంటే ఇంకో వారం ఫ్యాక్టరీలో ఉండేవాళ్లు. మా పిల్లలు ఏ వారమూ ఎక్కడా కనపడరు. ఆ మాత్రం అభివృద్ధి సాధించాం.

ఇక అభిప్రాయాలు. ఎక్కువమంది చెప్పింది ఒకటే, "సర్, అక్కడ పనేం ఇవ్వలేదు." ఎలా ఇస్తారు? పోర్టు, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, షిప్‌యార్డ్ అన్నీ ఉన్న ఊరే, కాదనను. కానీ ఊళ్లో కాలేజీలన్నీ ఒకే నెలలో పిల్లల్ని బయటికి వదిలితే ఏ ఆఫీసు మాత్రం అన్ని కుర్చీలు ఎక్కడ్నుంచి తెస్తుంది. గాజువాకలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మావాడొకడు రెండు నెలలు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. ఏం చేశావురా అంటే "లారీ డ్రైవర్ల ఆధార్ జిరాక్స్‌లు తీశాను సర్, టీ తెచ్చాను" అన్నాడు. లాగ్‌బుక్ తెరిచి చూద్దును కదా, జిరాక్స్‌లకి 'డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్' అనీ, టీకి 'స్టేక్‌హోల్డర్ రిలేషన్స్' అనీ రాసున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. మేనేజ్‌మెంట్ అంటే ఏమిటో వీడికి చెప్పాల్సిన అవసరం ఇంక లేదు.

ఇంకొకడు గురుద్వారా జంక్షన్లో గొడుగు కింద నిలబడి క్రెడిట్ కార్డులు అమ్మాడు. ఇరవై ఏళ్లవాడు, వాడికి మాత్రం కార్డు రాదు, జీతం లేదుగా. మరొకడిది ఆన్‌లైన్ కంపెనీ.

"ఆ కంపెనీ ఏం చేస్తుందిరా?"

"ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది సర్."

"అది సరే, వ్యాపారం ఏంటి?"

"అదే సర్. మేం ఫ్రెండ్స్‌కి ఇంటర్న్‌షిప్‌లు అమ్మాలి, పదిమందిని చేర్పిస్తే సర్టిఫికెట్ మీద 'టీమ్ లీడర్' అని వేస్తారు."

స్టైపెండ్ సంగతి కూడా కొందరు ఎత్తారు. 2024లో పీఎం ఇంటర్న్‌షిప్ పథకం పెట్టినప్పుడు నెలకి 5,000 రూపాయలు ఇస్తామన్నారు కదా సర్, మాకెందుకు లేదు అని. అది పెట్టినప్పటి రూలు ప్రకారం రెగ్యులర్‌గా చదువుకునేవాళ్లు దానికి అర్హులు కారమ్మా అని చెప్పాను. అంటే చదువు మానేస్తే వస్తుందా సర్ అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు, ఎవరో పట్టుకోలేకపోయాను.

నిజంగా పని దొరికినవాళ్లు అసలు లేరని కాదు. డాబాగార్డెన్స్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర ఇద్దరు చేరారు, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్లో ఎంట్రీలు వేశారు, జీఎస్టీ బిల్లులు పుస్తకాలతో ఎందుకు కలవట్లేదో రాత్రి ఎనిమిదింటిదాకా వెతికారు. వాళ్లకి లాగ్‌బుక్ రాసే టైం దొరకలేదు. మార్కులు తగ్గాయి.

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే అమ్మాయి. వాళ్లమ్మ ఫిషింగ్ హార్బర్లో తెల్లారకుండానే వేలంపాటలో చేపలు పాడి, ఆటోలో వేసుకొచ్చి ఊళ్లో అమ్ముతుంది. ఈ పిల్ల నా దగ్గరికొచ్చి, "సర్, కోఆపరేటివ్ ట్రెయినింగ్ అన్నారు కదా, మా అమ్మావాళ్లది మత్స్యకార మహిళల కోఆపరేటివ్ సొసైటీయే, అక్కడ చేస్తాను" అంది. నవ్వాపుకుని, ఇది ఆ కోఆపరేటివ్ కాదమ్మా అని చెప్పాను. మరి ఏ కోఆపరేటివ్ సర్ అని అడిగింది. ఇందులో కాలేజీ సహకరిస్తుంది, కంపెనీ సహకరిస్తుంది, విద్యార్థి కూడా సహకరించాలి, ప్రశ్నలు వేయకుండా.

అయినా వినలేదు. మర్నాడు రూళ్ల పుస్తకం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఐసు తడికి అట్ట ఉబ్బిపోయింది, పేజీ తిప్పితే వంజరం వాసన. ఎడమవైపు పాట ధర, ఐసు, ఆటో, కుడివైపు అమ్మకం, సాయంత్రానికి మిగిలిన సరుకు, దాన్ని ఎంతకి తెగనమ్మారో. ఒక పేజీలో అప్పు లెక్క. వెయ్యి అడిగితే వంద ముందే పట్టుకుని 900 చేతిలో పెడతారట, రోజుకి వంద చొప్పున పది రోజులు కట్టాలట. పది రోజులకి 900 మీద వంద, ఏడాదికి లెక్కేస్తే 400 శాతం పైమాటే అని నేను గబుక్కున నోటిలెక్క చేసి, లెక్చరర్నని నిరూపించుకున్నాను. "అది తక్కువ లెక్క సర్. రోజూ వంద కట్టేస్తున్నాం కదా, అసలు తగ్గిపోతోంది, పదో రోజుకి మా దగ్గరున్నది వందలోపే. నిజం వడ్డీ ఇంకా ఎక్కువ" అంది. ఇదే పాఠం నేను ఏటా మూడు పీరియడ్లు చెబుతాను, పరీక్షలో సగంమంది ఆ ప్రశ్న వదిలేస్తారు.

అక్కడితో ఆగిందా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో బోట్ల వేట నిషేధం. సరిగ్గా మా వేసవి ఇంటర్న్‌షిప్ అప్పుడే. ఆ రెండు నెలలు ఏం అమ్ముతారు, మరి ఇంటర్న్‌షిప్ ఎలా అని పట్టుకుందామని అడిగాను. మార్చిలో చేప చవకగా పడ్డ రోజులు చూసి కొని ఎండబెడతారట, ఎంత కొనాలి, ఎంత ఎండలో తగ్గుతుంది, ఏ వారం అమ్మితే ధర వస్తుంది అన్నీ అదే పుస్తకంలో ఉన్నాయి. వాళ్లమ్మ కూడా కూతురి వెనకాలే వచ్చింది, గుమ్మం దగ్గరే నిలబడి, "మా పిల్ల లెక్క సూత్తే నాకూ బయ్యమే బాబూ, నిన్న ఎంతకి కొన్నానో అడిగితే నాన్సెప్పలేకపోయాను" అంది.

ఇంత చూశాక నేనేం చెయ్యాలి? ఫార్మాట్ చూశాను. 'సంస్థ లెటర్‌హెడ్ మీద అంగీకార పత్రం, రౌండ్ సీల్‌తో' అని ఉంది. లెటర్‌హెడ్ లేదు. సొసైటీ వాళ్ల స్టాంపు తెచ్చి చూపించింది, అది నలుచదరంగా ఉంది. నలుచదరం స్టాంపు మీద నేర్చుకున్నది రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దల ముందు నిలబడదని నెమ్మదిగా నచ్చజెప్పాను. ఆ పిల్ల ద్వారకానగర్లో ఒక జిరాక్స్ షాపులో అడిగితే వాళ్లే ఒక ఆన్‌లైన్ కంపెనీ చూపించారట. ఆ చేపల డబ్బులోంచే 1,500 కట్టింది, 'స్ట్రాటెజిక్ మార్కెటింగ్ ఇంటర్న్' అని సర్టిఫికెట్ వచ్చింది. బంగారు రంగు అంచు, నీలం రౌండ్ సీల్. రిపోర్టు, స్పైరల్ బైండింగ్ అదే షాపులో. నూటికి 96 వేశాను. నాలుగు మార్కులు ఎందుకు తగ్గించానంటే వైవాలో రోజూ వ్యాపారం తిప్పే డబ్బు గురించి 'వర్కింగ్ క్యాపిటల్ అంటే ఏమిటి' అని అడిగితే పుస్తకంలో ఉన్న నిర్వచనం చెప్పకుండా, ఐసు డబ్బులు సర్ అంది.

నివేదిక కోసం అభిప్రాయాల ఫారాలు పంచాను. 'ఇంటర్న్‌షిప్ వల్ల మీరు నేర్చుకున్నది ఏమిటి?' అన్నచోట అందరూ 'కమ్యూనికేషన్ స్కిల్స్' అని రాశారు, నేనే బోర్డు మీద రాసి చూపించాను గనక. ఆ అమ్మాయి ఫారంలో మాత్రం ఆ గీత ఖాళీ. పిలిచి అడిగితే, "మా అమ్మ దగ్గర నేర్చుకున్నదా, కంపెనీ దగ్గర నేర్చుకున్నదా అని అందులో లేదు సర్, ఏది రాయాలో తెలియక వదిలేశాను" అంది. ఖాళీ ఉంటే పైవాళ్లు వెనక్కి పంపుతారు. ఆ పిల్ల వెళ్లాక ఫారం ఇంకోసారి చూశాను, నల్ల పెన్నుతో నింపింది. సొరుగులో వెతికి నల్ల పెన్ను తీసి, ఆ గీత మీద పొందిగ్గా కమ్యూనికేషన్ స్కిల్స్ అని రాశాను.