కాళ్లు పెట్టినాక గురి ఎటు పోయింది?

ఉదయగిరిలో మా మేనమామ ఇంటి అరుగు మీద, వేట తుపాకీకి తగిలించే కాళ్ల గురించి నడిచిన వాదన ఇది. మామ స్పెషల్ పోలీసు బెటాలియన్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఎదుటి మనిషి మా పిన్ని కొడుకు, మామకు రెండో అల్లుడి వరస. టెక్సాస్‌లో స్థిరపడి, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట మాట లేదు. చేను తవ్విపోసే అడవిపందిని కూడా అనుమతి లేకుండా చంపకూడదు. టెక్సాస్‌లో పరిస్థితి వేరు. అడవిపట్టిన పందులు అక్కడ పంటలు నాశనం చేస్తున్నాయి కాబట్టి, భూమి యజమాని ఒప్పుకుంటే అతని పొలంలో వాటిని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అడగడం లేదు.

తమ్ముడి దగ్గర .308 తూటా వేసే, ప్రతి గుండుకీ బోల్టు అనే గడియని చేత్తో లాగి నెట్టే బోల్ట్ యాక్షన్ వేట రైఫిలు ఉంది. దానికి బైపాడ్, అంటే ముందు భాగం కింద మడతపెట్టుకునే రెండు కాళ్ల స్టాండు, బిగించాక గురి మారిపోయింది. రెండు టార్గెట్ కాగితాలు సూట్‌కేసులో పెట్టుకొచ్చి మామ ముందు పరిచాడు. ఒకటి ఇసుక సంచి మీద ఆనించి కాల్చింది, రెండోది బైపాడ్ మీద.

మామ: ఈ మొదటి కాగితంలో మూడు చిల్లులూ ఒక నిమ్మకాయ కింద దాక్కుంటాయి. రెండోదాంట్లో నాలుగంగుళాలు పైకి, అంగుళంన్నర ఎడమకి పోయినాయి. అదీ ఒకచోట లేవు. ఎంత దూరం?

అల్లుడు: రెండూ వంద గజాలే మామా.

మామ: మరి సంచి మీద ఇంత బాగా కొట్టే తుపాకీకి కాళ్లెందుకు తగిలించినావు? తీసెయ్.

అల్లుడు: సంచి కాల్పుల రేంజిలో బల్ల మీద ఉంటుంది. జొన్నచేను గట్టుకి ఎవరు మోసుకుపోతారు? ఇది నాలుగు వందల గ్రాములకు అటూ ఇటూ, తుపాకీతోనే వస్తుంది. నూటయాభై గజాల్లో పంది నిలబడితే ఊపిరి బిగబట్టి చేత్తో పట్టి కాల్చడం నా వల్ల కాదు. గాయంతో పొదల్లోకి పోతే అది మూడు రోజులు కుళ్లి చస్తుంది. ఆనుడు లేకుండా నేను కాల్చను.

మామ: ఆనుడు వద్దన్నానా? కాళ్లు వద్దన్నాను. మాకు ఎల్ఎంజికి, అంటే లైట్ మెషిన్ గన్‌కి, ఉండేవి కాళ్లు. పాత బ్రెన్ గన్. పది కిలోల బరువు, దబదబా పేలేది, దాన్ని చేత్తో ఆపలేం కాబట్టి కాళ్లు. అందులో కూడా కాళ్లు గుండు పోయే గొట్టం, అదే బ్యారెల్‌కి పెట్టలేదు, దాని కింద పేలుడు గ్యాసు పోయే సిలిండర్‌కి పెట్టినారు. ఎందుకో ఆలోచించు.

అల్లుడు: నాదీ బ్యారెల్‌కి లేదు మామా. ఫోరెండ్, అంటే ముందు చేత్తో పట్టుకునే భాగం, దాని కింద బెల్టు తగిలించే స్టడ్ ఉంటుంది కదా, దానికి. బైపాడ్ నుంచి రెండు కొక్కేలు వచ్చి ఆ స్టడ్ రంధ్రంలో దూరతాయి. కింద స్క్రూ తిప్పితే రబ్బరు వేసిన మెత్త పైకి లేచి ఫోరెండ్‌ని గట్టిగా పట్టుకుంటుంది.

మామ: ఫోరెండ్ చెక్కా?

అల్లుడు: కాదు, ప్లాస్టిక్.

మామ లేచి లోపలికి పోయి పిల్లల ప్లాస్టిక్ స్కేలు, గొడుగు తెచ్చాడు. గొడుగు కర్ర కింద స్కేలుని, మధ్యలో సన్నని సందు ఉండేలా, ఒక కొసన బొటనవేలితో అదిమిపట్టాడు. రెండో కొసని కింద నుంచి చిటికెనవేలితో కాస్త నెట్టాడంతే, స్కేలు వంగి కర్రకి తగిలి టక్కుమంది.

మామ: నీ బ్యారెల్ ఫోరెండ్‌కి తగలకుండా గాల్లో ఉండాలి. పేలినప్పుడు అది కొరడాలాగా ఊగుతుంది. ప్రతిసారీ ఒకేలా ఊగితేనే గుళ్లు ఒకచోట పడతాయి. నువ్వు కాళ్ల మీద బరువు వేసినప్పుడల్లా ఈ ప్లాస్టిక్ పైకి వంగి బ్యారెల్‌ని ముట్టుకుంటోంది. ఒక పక్క తగిలితే గుండు రెండో పక్కకి పోతుంది. ఎడమకి పోయిన అంగుళంన్నర ఇదే.

అల్లుడు: అది నేను చూశాను మామా! కాగితం మడిచి బ్యారెల్ కింద దూర్చి లాగితే తూటా కూర్చునే చాంబర్ దాకా సాఫీగా పోయింది.

మామ: ఎప్పుడు లాగినావు? తుపాకీ బల్ల మీద ఊరికే ఉన్నప్పుడా, భుజం ఆనించి ముందుకి తోసినప్పుడా?

తమ్ముడు మాట్లాడలేదు. నాకూ అప్పుడే అర్థమైంది. బైపాడ్ బిగించాక, కాల్చేటప్పుడు వేసే బరువంతా వేసి, రెండో మనిషితో కాగితం లాగించాలి. అక్కడ ఇరుక్కుంటే జబ్బు దొరికినట్టే.

అల్లుడు: సరే, తగిలిందే అనుకో. దానికి కాళ్లేం చేశాయి? మెత్తటి ప్లాస్టిక్‌ది తప్పు. ఫోరెండ్ నుంచి భుజం దాకా ఉండే స్టాక్‌నే గట్టిది వేయించుకుంటా. లేదా పికటిన్నీ రైలు అనే గాడుల పట్టీని స్టాక్‌లోకి లోతుగా బిగించి దాని మీద బైపాడ్ పెడతా. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేస్తావేంది?

మామ: ముందు ఆ స్టడ్ సంగతి చెప్పు. వేళ్లతో పట్టుకుంటే తిరుగుతుందా?

అల్లుడు: కొంచెం.

మామ: కొంచెం తిరిగేది ముప్పై గుళ్లకు పూర్తిగా తిరుగుతుంది. లోపల నట్టు వదులై ఉంటుంది. బిగించేటప్పుడు ఇంకో సంగతి చూడు. ఆ స్టడ్ స్క్రూ పొడుగెక్కువైతే దాని కొస పైకొచ్చి బ్యారెల్‌ని పొడుస్తుంది. కాగితం అక్కడ ఆగితే తప్పు స్టాక్‌ది కాదు, ఆ స్క్రూది. ఆ తర్వాత తుపాకీ ఇనుప భాగాన్ని స్టాక్‌కి పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు, గురి చూసే స్కోపుని పట్టి ఉంచే మౌంటు చూసుకో. అవి వదులై ఉంటే నువ్వు ఏడాది పాటు కాళ్లనే తిట్టుకుంటా కూర్చుంటావు.

అల్లుడు: ఇప్పుడు కాళ్లని తిట్టేది నువ్వు మామా, నేను కాదు!

మామ: స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు తూటాల మ్యాగజైన్ తీసి, చాంబర్ కళ్లతో చూసి, బోల్టు బయట పెట్టినావా?

అల్లుడు: ప్రతిసారీ.

మామ: అది చాలు.

(ఇద్దరూ పేచీ లేకుండా ఒప్పుకున్నది ఈ ఒక్కచోటే. బోల్టు తియ్యకుండా తుపాకీ మీద పనిచేసేవాణ్ణి మామ పక్కన కూర్చోబెట్టుకోడు.)

అల్లుడు: మరి నాలుగంగుళాలు పైకి ఎందుకు పోయింది? ఎడమకి స్టాక్ అన్నావు. పైకి?

మామ: కాళ్ల కింద ఏముంది?

అల్లుడు: సిమెంటు బల్ల.

మామ పక్కనున్న స్టీలు గ్లాసు తీసి జానెడు ఎత్తు నుంచి కడప బండ మీద వదిలాడు. అది ఎగిరి గంతులేసి అరుగు కిందకి దొర్లింది. మళ్లీ తెచ్చి, మడిచిన గోతం మీద వదిలాడు. పడినచోటే ఉండిపోయింది.

మామ: గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే కాళ్లు సిమెంటు మీద ఎగురుతున్నాయి. సంచికి ఆ ఎగురుడు లేదు. సంచి మీద సెట్ చేసుకున్న గురి కాళ్ల మీద పనికిరాదు. ఇది మీ అమెరికాకైనా మా రేంజికైనా ఒకటే.

అల్లుడు: అబ్బ! నువ్వే నా పని సులువు చేశావు. బల్ల మీద గోతం వేస్తే ఎగురుడు పోతుంది. పొలంలో మెత్తటి మన్నే కాబట్టి అక్కడ అసలు సమస్యే లేదు. కాళ్ల మీద కాల్చేవాడు కాళ్ల మీదే గురి సెట్ (జీరో) చేసుకోవాలి. ఇందులో బైపాడ్‌ని తీసెయ్యమనే మాట ఎక్కడుంది?

మామ: ప్రతిసారీ ఒకే బరువు వేయగలవా?

అల్లుడు: కాళ్లు నేలలో దిగబడేదాకా భుజంతో ముందుకి కాస్త తోస్తా. వెనక భుజానికి ఆనే బట్ కింద చిన్న సంచి పెట్టి ఎడమచేత్తో పిసికి ఎత్తు సరిచేసుకుంటా. ముందు కాళ్లుండి వెనక ఖాళీగా ఉంటే ఊగుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. కాళ్లు ఎగుడుదిగుడైతే తుపాకీ ఒరుగుతుంది, అదీ చూసుకుంటా. ఒరుగు వల్ల వంద గజాల్లో పెద్ద తేడా రాదు. మూడొందలు దాటితే అప్పుడు కనబడుతుంది.

మామ: గడ్డి నడుమెత్తు ఉంటే? తొమ్మిదంగుళాల కాళ్లతో పడుకుని చూస్తే నీకు పంది కాదు, పరకలు కనబడతాయి. మా చిన్నప్పుడు చేలో మంచె ఎక్కి కాపలా కాసేవాళ్లం, పైనుంచే అన్నీ కనబడేవి. నిలబడి పంగల కర్రకి ఆనించుకునేవాడికి నీ కాళ్లతో పనేముంది?

అల్లుడు: ఇది మాత్రం నిజం. రాత్రిపూట, వేడిని బట్టి చీకట్లో చూపించే థర్మల్ స్కోపుతో వచ్చేవాళ్లంతా నిలువెత్తు మూడు కాళ్ల ట్రైపాడే వాడుతున్నారు. నా కాళ్లు గట్టు మీద, దున్నిన చేలో, గడ్డి కోసిన మైదానంలో పనికొస్తాయి. అన్నిచోట్లా అని నేనన్లేదు.

మామ కాగితాలు రెండూ మళ్లీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. నా లెక్కన ఇందులో తమ్ముడే గెలిచాడు. మామ చూపించిన తప్పులన్నీ బిగించినచోట, ఆనించినచోట ఉన్నవే. కానీ ఆ తప్పుల్ని అంత తేలిగ్గా పట్టుకున్నది మామే.

మామ: పోయినాక స్టడ్ బిగించు. బరువేసి కాగితం లాగు. మార్చేది ఒకసారికి ఒక్కటే, అన్నీ కలిపి మార్చొద్దు. అదే పెట్టెలోని తూటాలతో సంచి మీద ఐదు, సిమెంటు మీద కాళ్లతో ఐదు కాల్చు. కాగితాలు ఫోటో తీసి పంపు.

అల్లుడు: గోతం వేసి ఇంకో ఐదు కూడా కాల్చి పంపుతా.

మామ: పంపు. బ్యారెల్ చల్లారనిచ్చి కాల్చు.