సవరణ: మొదటి తుపాకీగా పాయింట్ 22 రైఫిల్ గురించి

గురి నేర్చుకోవడానికి పాయింట్ 22 రైఫిల్ (0.22 అంగుళాల సన్న తూటా కాల్చే తుపాకీ) మేలని ముందు పోస్టులో రాశాను. ఆ మాట లైసెన్సు ఉన్నవాళ్లకీ, క్లబ్బులో కోచ్ దగ్గరుండి నేర్పుతున్నవాళ్లకీ మాత్రమే. అసలు తుపాకీ పట్టనివాళ్లు గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) కాల్చే ఎయిర్ రైఫిల్‌తోనే మొదలుపెట్టాలి. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పోటీలో టార్గెట్ మధ్యనుండే పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే!

ఎయిర్ రైఫిళ్లలో స్ప్రింగుతో గాలిని నొక్కేదాని కన్నా గాలి సిలిండర్ ఉన్నది నయం. స్ప్రింగుదైతే పెల్లెట్ గొట్టం దాటకముందే కుదుపు వస్తుంది. తప్పు చేతిదో తుపాకీదో కొత్తవాళ్లకు అర్థం కాదు. ఖాళీదైనా సరే, గొట్టం మనుషుల వైపు తిప్పొద్దు. కొనడానికి తొందరపడకండి. క్లబ్బు రైఫిల్‌తో కొన్నాళ్లు కాల్చాకే, ఎంత బరువు మోయగలరో, భుజానికి ఆనించే వెనక భాగం, అంటే బట్, పొడవు మీకు సరిపోతుందో లేదో తెలుస్తుంది.