సవరణ: ఐరావతం మహదేవన్ గురించి రాసినదాంట్లో రెండు తప్పులు

తమిళ బ్రాహ్మీ (పాత తమిళం రాయడానికి వాడిన బ్రాహ్మీ లిపి) శాసనాలు చదివిన ఐరావతం మహదేవన్ గురించి మొన్న రాస్తూ, ఆయన పురావస్తు శాఖ ఉద్యోగి అన్నాను. తప్పు. ఆయన ఐఏఎస్ అధికారి. శాసనాల పని ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టారు. 1980లో స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు, ఆ తర్వాత కొన్నేళ్లు 'దినమణి' అనే తమిళ పత్రికకు సంపాదకుడిగా కూడా ఉన్నారు.

రెండోది ఇంకా పెద్ద తప్పు. కొండగుహల్లోని ఆ రాతలు తమిళమేనని మొదట గుర్తించింది ఆయనే అని రాసేశాను. అది శాసన పరిశోధకుడు కె.వి. సుబ్రహ్మణ్య అయ్యర్ 1924లోనే చెప్పిన మాట. మహదేవన్ గొప్పతనం వేరేచోట ఉంది. తమిళనాడులోని కరూరు దగ్గరి పుగళూరు శాసనంలో చేర రాజుల పేర్లు ఉన్నాయని 1965లో తేల్చారు. గుహగుహకీ వెళ్లి రాతలు కళ్లారా చూసుకుంటూ, ఆ లిపి కాలక్రమంలో ఎలా మారిందో వివరించారు.

ఆ వివరణలో మన గుంటూరు ప్రాంతపు భట్టిప్రోలు కూడా వస్తుంది. మామూలు బ్రాహ్మీలో గీత లేని 'క' అంటే 'క'యే, పక్కన గీత పెడితే 'కా'. పాత తమిళ శాసనాల్లో, భట్టిప్రోలు స్తూపంలో దొరికిన కరండాల (ధాతువులు దాచిన భరిణెల) మీద మాత్రం అది పొల్లు 'క్'. అకారం పలకాలంటే పక్కన గీత పెట్టాలి. ఈ సంగతి తెలియకుండా చదివితే మాటలన్నీ సాగదీసినట్టు వస్తాయి, అర్థం కుదరదు.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చేశాను.