అమ్మ గొంతులో దినచర్య: ఆటిజం ఉన్న పెద్దవారి ఇళ్లలో చర్చకు రాని సంగతి

"లే బిడ్డా, నల్లా వచ్చింది." నల్లగొండలోని మా ఇంట్లో ముప్పై ఏళ్లకు పైగా నా రోజు ఈ మాటతోనే మొదలైంది. దాని వెనుకే "పండ్లు తోముకున్నవా", "నీళ్లు కాగినయి, తానం చెయ్యి", "డబ్బ సంచిల వెట్టిన, మర్వకు", "ఏడుంబావైంది, బస్సు పోతది" అన్న మాటలు వరసగా వచ్చేవి. ఏ ఇంట్లోనైనా తల్లి అనే మాటలే కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోలేదు. నేను మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ధాన్యం లారీల కాంటా చీటీలు, బస్తాల సంఖ్య, రావలసిన బాకీలు పైసాతో సహా సరిపోయేలా చూడడం నా పని, ఆ పనిలో నాకు మంచి పేరే ఉంది. అందుకని నా రోజును నేనే నడుపుకుంటున్నానని నమ్మాను.

ఐదేళ్ల కింద అమ్మ జారిపడి కాలు విరగడంతో ఆపరేషన్ తర్వాత రెండు నెలలు దేవరకొండలో అక్క దగ్గర ఉండవలసి వచ్చింది. మొదటి వారంలోనే గ్యాస్ అయిపోయింది, దాన్ని బుక్ చేయాలన్న సంగతి ఖాళీ సిలిండర్ ముందు నిలబడినప్పుడు తప్ప గుర్తుకు రాలేదు. రెండో వారంలో కరెంటు బిల్లు గడువు దాటింది. స్నానం చేసి, చొక్కా వేసుకుని, మంచం అంచున కూర్చుని, లేవాలని తెలిసి కూడా లేవలేక మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోయిన రోజులు మూడు ఉన్నాయి. నాకు ఆకలి తెలియలేదు, తల తిరిగినప్పుడే తినలేదని తెలిసింది. ఆ రెండు నెలల కారణంగానే హైదరాబాద్‌లో ఒక వైద్యురాలిని కలవడం, ముప్పై ఐదో ఏట నాకు ఆటిజం, అంటే పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉండే స్థితి, ఉన్నట్టు తేలడం జరిగాయి. రోజు నడిచిన క్రమమంతా అమ్మ గొంతులో ఉండేదని, నాలో దాని నకలు ఒక్కటి కూడా లేదని అప్పుడే అర్థమైంది.

మన జిల్లాలలో ఇలాంటి మనుషుల గురించి రెండు మాటలు వాడతారు. ఒకటి "మొండి", రెండోది "సోయి లేదు". గిన్నె మారితే తినడు, కూర్చునే చోటు మారితే కూర్చోడు, చుట్టాలు చెప్పకుండా వస్తే గదిలోంచి బయటికి రాడు కాబట్టి మొండి. బిల్లు కట్టడు, తలుపు గడియ మరిచిపోతాడు, ఇంత చదువుకుని తన బట్టలు తాను సర్దుకునే ఇగురం లేదు కాబట్టి సోయి లేనివాడు. ఒకే మనిషి గురించి ఈ రెండు మాటలూ ఎలా నిజమవుతాయో ఎవరూ అడగరు. అడిగితే జవాబు దగ్గరలోనే ఉంది. పని మొదలుపెట్టడం, ఒక పని నుంచి మరో పనికి మారడం, కాసేపటి తర్వాత చేయవలసిన దాన్ని యాదిలో ఉంచుకోవడం వంటి సామర్థ్యాలను మనస్తత్వ శాస్త్రం ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటుంది. ఆటిజం ఉన్న చాలామందిలో తెలివితేటలతో సంబంధం లేకుండా ఇవి ఎగుడుదిగుడుగా ఉంటాయి. లోపలి క్రమం మీద భరోసా లేని మనిషి బయటి క్రమాన్ని గట్టిగా పట్టుకుంటాడు. అదే గిన్నె, అదే కుర్చీ, అదే బస్సు అతనికి నిచ్చెన మెట్ల వంటివి. వాటిలో ఒకటి తీసేస్తే పై మెట్టు అందదు. కాబట్టి మొండితనంగా కనిపించేదీ, సోయి లేకపోవడంగా కనిపించేదీ ఒకే కారణం నుంచి పుట్టినవని నా అభిప్రాయం. మొదటిదాన్ని దండించి రెండోదాన్ని బాగు చేయాలని చూసే ఇళ్లలో రెండూ ముదురుతాయి.

దృష్టి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆటిజాన్ని ఏకముఖ దృష్టిగా వివరించే మోనోట్రోపిజం అనే సిద్ధాంతాన్ని డైనా మర్రే, మైక్ లెస్సర్, వెన్ లాసన్ 2005లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. శ్రద్ధ అనేకం మీద పలచగా పరచుకోకుండా ఒకదాని మీద కాలువలా పారుతుందని, ఆ పారకాన్ని హఠాత్తుగా మళ్లించడం కష్టమని వారి వాదన సారాంశం. బస్తాల లెక్కలో మూడు గంటలు తల ఎత్తకుండా కూర్చోగలగడం, ఆ మూడు గంటలూ దాహం తెలియకపోవడం రెండూ దాని ఫలితాలే. సాగర్ ఎడమ కాలువ కింద బతికే వాళ్లకు ఈ పోలిక విడమరిచి చెప్పనక్కరలేదు. పారే నీటిని మళ్లించాలంటే ముందుగా తూము కట్టుకుని ఉండాలి.

రోజును సొంతంగా నడుపుకోలేని ఈ ఇబ్బంది మన దగ్గర ఇన్నేళ్లు బయటపడకపోవడానికి కుటుంబం ఒక కారణం. తల్లి, ఆ తర్వాత భార్య, ఆమె లేకపోతే వదిన, మగవాడి రోజును మాటలతో నడిపించడం మన ఇళ్లలో సహజంగా చెల్లిపోతుంది. అదే ఆటిజం ఉన్నది ఆడపిల్లకైతే సంగతి పూర్తిగా వేరు. ఆమె రోజును నడిపించే గొంతు ఉండకపోగా, పెళ్లయిన మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఆమే ఆ గొంతు కావాలి. ఏ పూట నల్లా వస్తుందో, మామ మందులు ఎప్పుడో, పాలవాడి లెక్క ఎంతో, పిల్లవాడి డబ్బాలో ఏం పెట్టాలో, చీటీ పాట ఏ తేదీనో అన్నీ ఆమె తలలోనే ఉండాలి, వండుతున్న కూర మాడకూడదు, తలుపు తట్టిన చుట్టానికి నవ్వు ముఖం కనిపించాలి. ఇవన్నీ ఒకేసారి మోయడం ఆమె మెదడుకు ఎంత భారమో తెలియని ఇల్లు ఆమెకు "పనిమంతురాలు కాదు" అన్న పేరు పెడుతుంది. పగలంతా మామూలుగా కనిపించడానికి పెనుగులాడి, రాత్రి మాట కూడా రానంతగా అలిసిపోయే ఇలాంటి స్త్రీలు వైద్యుల దాకా చేరడం అరుదు, చేరినా దిగులుకో ఆందోళనకో మందులు తీసుకుని తిరిగి వస్తుంటారు. నాకు అమ్మ గొంతు ముప్పై ఏళ్లు దొరికింది. వారికి అది ఒక్కరోజు కూడా దొరకలేదన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించే విషయం.

చట్టం వైపు చూస్తే 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, వాటిలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో దానికి చోటు దొరికింది, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో అది చేరింది. అంటే ఇవాళ నలభై ఏళ్లున్నవారి బడి రోజుల్లో చాలావరకు చట్టంలో ఈ పేరే లేదు. ప్రభుత్వ ఉద్యోగాలలోని 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నింటికీ కలిపి దక్కేది 1 శాతం. వైకల్య సర్టిఫికెట్ కోసం వాడే భారతీయ ఆటిజం కొలమానం మన సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలోనే తయారైంది. అందులో 40 అంశాలు, 6 విభాగాలు ఉన్నాయి. సామాజిక సంబంధాలు, భావోద్వేగ స్పందన, భాష, ప్రవర్తన, ఇంద్రియ స్పందనలు, గ్రహణశక్తి వంటివి అందులో కొలుస్తారు. ఒక మనిషి తన రోజును ఎవరి సాయం లేకుండా నడుపుకోగలడా అన్న ప్రశ్నకు అందులో విడిగా విభాగం లేదు. పెద్దవారికి అన్నిటికంటే అవసరమైన ప్రశ్న అదే.

తల్లిదండ్రుల తర్వాత ఏమిటన్న బెంగకు నేషనల్ ట్రస్ట్ చట్టం సంరక్షకుడిని నియమించే మార్గం చూపింది, జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీ ఆ పని చేస్తుంది. ఆస్తికీ మనిషికీ బాధ్యుడు దొరుకుతాడు, మంచిదే. కానీ ఆ మనిషి పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఏ పని తర్వాత ఏ పని చేస్తాడో, ఏ సబ్బు వాసన పడదో, ఏ మాట చెబితే లేస్తాడో ఏ కాగితం మీదా ఉండదు. అది తల్లికే తెలుసు. ఆమెతోపాటే పోతుంది.

అందుకే ఆ గొంతును ఆమె ఉండగానే గోడ మీదికి తేవాలంటున్నాను. ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో నార్త్ కరొలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్ నాయకత్వంలో 1972లో మొదలైన టీచ్ కార్యక్రమం, చూపుకు కనబడే పట్టికలతో రోజును అమర్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. పేరు తెలియకపోయినా మన ఇళ్లలో ఆ పద్ధతి సగం ఉంది. గోడ క్యాలెండర్ గళ్లలో పాల లెక్క గీతలు, గ్యాస్ తెచ్చిన తేదీ, చీటీ పాట రోజు రాసిపెట్టే తల్లులు ఏ శిక్షణా లేకుండానే దాన్ని పాటిస్తున్నారు. అదే గడిని తేదీ నుంచి పూటకు దించాలి, అంతే.

నా మటుకు నాకు ఫోన్ అలారాలు పనిచేయలేదు. అలారం వేళ చెబుతుంది, పని చెప్పదు, దాన్ని ఆపిన క్షణంలోనే అది ఎందుకు మోగిందో మరిచిపోతాను. మిల్లులో పాత గుమాస్తాలు కాంటా చీటీలను ఇనుప తీగకు గుచ్చేవారు, నాకు దారి చూపింది ఆ తీగ. వంటింటి తలుపు పక్కన రెండు తీగలు వేలాడదీశాను. ఎడమ తీగకు ఆ రోజు పనుల చీటీలు వరసలో ఉంటాయి, పూర్తయినది కుడి తీగకు వెళ్తుంది. "స్నానం" అని రాస్తే నేను లేవలేకపోయాను. "తువ్వాలు భుజం మీద వేసుకో" అని రాస్తే లేచాను, ఎందుకంటే మొదటి కదలిక దొరికితే మిగతావి దాని వెంట వస్తాయి. గడియారం వేళలు దాదాపు రాయను. నల్లా, కరెంటు, బస్సు ఏవీ వేళకు రాని ఊళ్లో వేళల పట్టిక ఒక్క ఆలస్యంతో కుప్పకూలుతుంది, దేని తర్వాత ఏది అన్న వరస మాత్రం నిలబడుతుంది. కంటికి కనబడని వస్తువు నాకు లేనట్టే కాబట్టి పప్పులూ మందులూ గాజు సీసాలలోకి మారాయి. ఆకలి కోసం ఎదురుచూడను, తినడం కూడా ఒక చీటీయే.

ఈ అమరికను దెబ్బతీసేది మార్పు. పెళ్లిళ్లు, చెరువుగట్టు జాతర, తొమ్మిది రోజుల బతుకమ్మ, వీధిలో డీజే, చెప్పకుండా దిగే చుట్టాలు మన బతుకులో భాగం, వాటిని తీసేయమని ఎవరినీ అడగలేం, అడగకూడదు కూడా. నేను కోరేది ముందుమాట. రేపు నలుగురు వస్తున్నారని ఇవాళ రాత్రి తెలిస్తే ఆ చీటీని వరసలో ఎక్కడో గుచ్చుకుంటాను. పండుగ మర్నాడు కుడి తీగకు ఏమీ ఎక్కకపోతే దాన్ని సోమరితనంగా చూడకుండా ఉంటే చాలు. యాసంగి కోతల కాలంలో మిల్లు ముందు లారీలు బారులు తీరినప్పుడు నా పనివేళలు తలకిందులవుతాయి. నిరుటి నుంచి యజమాని మర్నాటి లారీల సంఖ్యను రాత్రి తొమ్మిదికల్లా మెసేజ్ పెడుతున్నారు, దానికి ఆయనకు పైసా ఖర్చు కాలేదు. చట్టం భాషలో దీన్నే సహేతుకమైన వెసులుబాటు అంటారు, 2016 చట్టంలోని 20వ సెక్షన్ దీన్ని ప్రభుత్వ సంస్థల బాధ్యతగా పెట్టింది. మాలాంటి మిల్లుల్లో, దుకాణాల్లో అది ఇంకా యజమాని మంచితనం మీదే ఆధారపడి ఉంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పట్టిక ఎవరి చేతిలో తయారవుతుందన్నది ముఖ్యం. ఎదిగిన కొడుకు రోజును నిమిషాలుగా కోసి, అందులో అతనికి ఇష్టమైన పనికి ఒక్క గడి కూడా వదలని తల్లిదండ్రుల పట్టిక అతనికి సాయపడదు, కాపలా కాస్తుంది. నా ఎడమ తీగకు రోజూ ఒక ఖాళీ చీటీ ఉంటుంది. ఆ పూట నేను పానగల్లు వైపు నడిచి ఉదయసముద్రం కట్ట మీద కూర్చుంటాను, లేదా ఏమీ చేయను.

అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లోనే తిరుగుతోంది. ఆమెకు చదువు రాదు. అందుకని తానే నోటితో చెప్పగా నేను రాసిన చీటీలలో ప్రతిదాని మూలన చిన్న బొమ్మ గీశాను, ఏది మిగిలిందో చూసి అడగడానికి ఆమెకు వీలుగా. పొద్దున చీటీలు కుదిరాయి, మిల్లు నుంచి వచ్చాక చేయవలసినవీ చాలావరకు కుదిరాయి. రాత్రి భోజనం తర్వాత గిన్నెలు, గ్యాస్ రెగ్యులేటర్, తలుపు గడియ, రేపటి బట్టలు ఒకదాని మీద ఒకటి పడే గంట మాత్రం ఇంకా ఆమె గొంతు మీదే నడుస్తోంది. యాసంగి ధాన్యం మిల్లుకు రావడం మొదలయ్యేలోపు ఆ గంటను ఆమె దగ్గర కూర్చుని రాసుకోవాలి.