సి డ్రైవ్‌లో జాగాను వైరస్ తినలేదు

"సి డ్రైవ్ దానంతటదే నిండుతోందా? వైరస్ తింటోంది. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ డిలీట్ చేయండి. తగ్గకపోతే ఫార్మాట్ కొట్టండి. అసలు కంపెనీలే 1 టీబీ అని అమ్మి 931 జీబీ ఇస్తున్నాయి." ఈ మెసేజ్ ఒకే వారంలో మూడు గ్రూపుల్లో వచ్చింది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సిస్టమ్‌లు బాగు చేసుకునే నాకు, దీన్ని నమ్మి చేతులు కాల్చుకున్నవాళ్లూ తగులుతున్నారు.

931 సంగతి ముందు తేల్చేద్దాం. కంపెనీ లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. అన్నీ ఇస్తోంది. కంపెనీకి జీబీ అంటే 100 కోట్ల బైట్లు, విండోస్‌కేమో 107 కోట్ల చిల్లర. చెనక్కాయలు అవే, కొలిచిన పడి పెద్దది.

ఇక వైరస్. మొన్న గుత్తి నుంచి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడు సీపీయూ మోసుకొచ్చాడు. "అన్నా, నేనేం పెట్టలేదు, జాగా యాడికి పోయింది?" సి డ్రైవ్ 238 జీబీ, ఖాళీ 3. లోపలున్నవన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 188. మిగతా 47 కోసమే అతని టెన్షన్. వ్యూలో దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు కనబడేలా పెట్టాను. పేజ్‌ఫైల్, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్, 12 జీబీ. హైబర్‌ఫిల్, అంటే సిస్టమ్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచే ఫైల్, 6 పైచిలుకు; ర్యామ్ 16 జీబీ, అందులో మామూలుగా 40 శాతం అది పట్టుకుంటుంది. సిస్టమ్‌ను పాత స్థితికి తేవడానికి దాచే రీస్టోర్ పాయింట్లు 23, మిగిలింది ప్రోగ్రామ్‌లు డేటా పెట్టుకునే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్, చిల్లర. లెక్క సరిపోయింది.

అసలు దొంగ మాత్రం ఆ 188లోనే ఉన్నాడు. ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటోందో చూపే విన్‌డిర్‌స్టాట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే, యాప్‌డేటా ఫోల్డర్‌లో వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ దాచుకున్న మీడియా క్యాష్, అంటే పని త్వరగా అయ్యేందుకు పెట్టుకునే తాత్కాలిక ఫైళ్లు, 61 జీబీ! ఎప్పుడో డెలివరీ ఇచ్చేసిన పెళ్లిళ్లవి కూడా అందులోనే. క్యాష్ తీసేస్తే ఒరిజినల్ ఫుటేజ్‌కి ఏమీ కాదు, ప్రాజెక్ట్ మళ్లీ తెరిచినప్పుడు కాస్త ఆలస్యమవుతుందంతే.

విండోస్ తన సొంత ఫైళ్లు ఉంచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ జోలికి మాత్రం దయచేసి పోవద్దు. అందులోని చాలా ఫైళ్లు హార్డ్ లింకులు. డిస్క్ మీద ఉన్నది ఒక్కటే, పేర్లు రెండు చోట్ల. ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కేసి భయపెడుతుంది. పర్మిషన్లు మార్చి మరీ పీకేసిన ఒకాయన సిస్టమ్ ఆన్ కూడా కాలేదు. డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైళ్ల బటన్ నొక్కి పాత అప్‌డేట్లు తీసేస్తే, పోవాల్సినవే పోతాయి.

డిస్క్‌లో ఎర్రర్లు వచ్చి జాగా లెక్క తప్పడం కూడా ఉంది, కాదనను. దానికి బ్యాకప్ తీసుకుని, డిస్క్ తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడపాలి.

ఫార్మాట్ అంటారా? కొట్టిన మర్నాడే పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ తిరిగొస్తాయి. నాలుగు పెళ్లిళ్లు ఎడిట్ చేస్తే క్యాష్ కూడా. గుత్తి కుర్రాడికి ఆ క్యాష్ ఫోల్డర్‌ను రెండో హార్డ్ డిస్క్‌కి మార్చి పంపాను.